మా యేండ్ల లెక్క వేరు

ప్రపంచం లెక్కలో రెండో యుద్ధం 1945లో ముగిసింది. మే నెలలో జర్మనీ, ఆగస్టులో జపాన్ చేతులెత్తేశాయి. లండన్‌లో, న్యూయార్క్‌లో జనం వీధుల్లోకొచ్చి పండుగ చేసుకున్నారు. నల్లగొండ లెక్కలో యుద్ధం ఆ మరుసటి యేడే మొదలైంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అప్పటికి ఆ ఊరు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. లోకం తుపాకులు దించిన యేడాదికి మా పల్లెలు గుతుపలు, వడిసెలలు చేతబట్టినయ్.

ఎందుకీ ముచ్చట? యుద్ధం తర్వాతి కాలాన్ని యేడాదికి ఒక్క పేజీ చొప్పున చూపించే పుస్తకాలు, ప్రత్యేక సంచికలు ఏటా వస్తూనే ఉంటాయి. ఏ యేడు ఎవరు ప్రధాని, ఏ సినిమా వంద రోజులాడింది, ఏ పాట ఊరూరా మోగింది, ఎవరు కప్పు గెలిచారు. చదవడానికి బాగానే ఉంటాయి. మేమూ చదువుతం. కానీ చదివినప్పుడల్లా ఒకటే ప్రశ్న ముల్లులా గుచ్చుతది. ఆ పేజీల్లో నల్లగొండ ఏది? పాలమూరు ఏది? అవే యేండ్లను మా దిక్కు నుంచి చూస్తే ఎట్లుంటదో ఈ వారం రాసి చూపిస్తున్నం.

యుద్ధకాలం నుంచే మొదలుపెడదాం. బర్మా సరిహద్దులో తుపాకి పేలితే తుంగతుర్తి రైతుకేం పట్టింది అనుకుంటారు. పట్టింది. నిజాం సర్కారు లెవీ పేరుతో ధాన్యం వసూలు చేసింది. పెద్ద భూస్వామి గరిసెలు భద్రంగనే ఉన్నయ్, చిన్న రైతు కల్లంలోని గింజలు మాత్రం పోయినయ్. వెట్టికి లెవీ తోడైంది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ పల్లెజనం సంఘంగా మారడానికి కారణం ఆ ఆకలే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన కౌలు భూమి పంటను దొరకు దక్కనీయకుండా నిలబడ్డది కూడా ఆ రోజుల్లోనే. యుద్ధచరిత్రలో బర్లిన్ గురించి వెయ్యి పేజీలుంటయ్, ఐలమ్మ కల్లం గురించి ఒక్క వాక్యం ఉండదు.

1947 ఆగస్టు 15. దేశమంతా మిఠాయిలు పంచుకున్న రోజు. హైదరాబాద్ సంస్థానంలో మువ్వన్నెల జెండా ఎత్తినవాళ్లకు జైలు. మరుసటి యేడు ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో నరికి చంపారు. నిజాం గడ్డపై ఉంటూ హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసిన ముస్లిం పాత్రికేయుడు ఆయన. పత్రిక నడిపే ప్రతి ఒక్కరూ యాది పెట్టుకోవలసిన పేరు అది. అదే నెల 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊచకోత కోశారు. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు.

యేండ్ల పుస్తకాలు ఇక్కడ కథ ముగిస్తయ్. మా కథ ముగియలేదు. సైన్యం వచ్చినంక కూడా మూడేండ్లు నల్లగొండ అడవుల్లో, గుట్టల్లో కొట్లాట నడిచింది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల ప్రాణాలు అని ఆ పోరాటం నడిపినవాళ్లు లెక్క చెప్పారు. ఇంకో లెక్క కూడా చెప్పకుంటే మా పట్టీ అబద్ధమైతది. పోలీసు చర్య తర్వాత సంస్థానంలో జరిగిన హత్యాకాండలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది మరాఠ్వాడా, బీదర్ దిక్కు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు సర్కారు బీరువాలోనే ఉన్నది. 2013 దాకా జనం దాన్ని చూడలేదు. రజాకార్ల దౌర్జన్యం చెప్పి దీన్ని దాచేవాడు చరిత్రను సగం చింపేసినట్టే. దీన్ని చెప్పి రజాకార్లను దాచేవాడిదీ అదే పని.

1951 చూద్దాం. సినిమా పేజీలో ఆ యేడు 'పాతాళభైరవి'. తోటరాముడు సాహసం చూడటానికి జనం బండ్లు కట్టుకొని పోయారు. అదే యేడు ఏప్రిల్ 18న వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి నడుచుకుంటూ వచ్చారు. హరిజనవాడ జనం మాకు భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తనని నిలబడ్డారు. దేశమంతా తిరిగిన భూదానోద్యమానికి అక్కడే బీజం పడ్డది. అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఒకే జిల్లాలో, ఒకే యేడాదిలో, భూమి కోసం తుపాకి దించినవాళ్లూ భూమి కోసం జోలె పట్టినవాళ్లూ ఉన్నారు. తుపాకి ఆ ప్రశ్న అడగకపోతే జోలెకు ఆ జవాబు దొరికేదా? భూదానం గురించి రాసే పుస్తకాలు ఈ ప్రశ్న వేయవు.

1952 తొలి సాధారణ ఎన్నికలు. జైలు, అజ్ఞాతవాసం చూసిన రావి నారాయణరెడ్డి నల్లగొండ ద్విసభ్య స్థానం నుంచి పీడీఎఫ్ అభ్యర్థిగా 3 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నెహ్రూకు వచ్చిన ఓట్లకన్నా అవి ఎక్కువ. అదే యేడు పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. సెప్టెంబర్‌లో స్థానికేతరుల నియామకాలకు వ్యతిరేకంగా విద్యార్థులు రోడ్డెక్కితే ఆయన ప్రభుత్వమే సిటీ కాలేజీ దగ్గర తూటాలతో జవాబు చెప్పింది. మనవాడు గద్దెమీద ఉన్నంత మాత్రాన మన మాట చెల్లదని తెలంగాణ నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఆ పాఠం ఎన్నిసార్లు మళ్లీ చదవాల్సి వచ్చిందో మీకు తెలుసు.

1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు 354 మంది కవులతో 1934లో సంచిక వేసి నోరు మూయించిన పాలమూరు పెద్దమనిషి ఆయన. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందుకోవడానికి ఆయన లేడు. రాజుల వరుస వదిలేసి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలాడిండ్రు అని రాసిన పుస్తకం అది. యేండ్ల పట్టీ ఎట్ల రాయాలో ఆ పుస్తకం మనకు ఎప్పుడో నేర్పింది.

1956లో మా జిల్లాలకు రెండు దెబ్బలు. మొదటిది సెప్టెంబర్ 2న. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు వాగులో పడ్డది. వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. నవంబర్‌లో తమిళనాడు అరియలూరు దగ్గర ఇంకో ప్రమాదం జరిగితే శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి ఆమోదించారు. పోటీ పరీక్షల పుస్తకం తెరవండి, అరియలూరు ఉంటది. పాలమూరు వాగు ఉండదు. చావులో కూడా మా జిల్లా లెక్కకు రాలేదు.

రెండో దెబ్బ నవంబర్ 1. ఫజల్ అలీ కమిషన్ తొందరపడొద్దన్నది. హైదరాబాద్ రాష్ట్రాన్ని వేరుగనే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది. ఆ మాట పక్కకు పెట్టి ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ పుట్టిన నాడే ఆ కాగితం చిరగడం మొదలైంది. ఉప ముఖ్యమంత్రి పదవిని ఆరో వేలు అని తీసేశారు. 1957లో 'మాయాబజార్' వచ్చింది. తెలుగువాళ్లందరం కలిసి చప్పట్లు కొట్టినం. తెరమీద మాయకు మురిసినం, పాలనలో మాయ అర్థం కావడానికి ఇంకో పన్నెండేండ్లు పట్టింది.

సినిమా ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. కోదాడ దిక్కు గుడిబండ నుంచి పోయిన కాంతారావు ఆ రోజుల్లో జానపద కథానాయకుడు. 1963లో వచ్చిన తొలి పూర్తి రంగుల తెలుగు సినిమా 'లవకుశ'లో లక్ష్మణుడు ఆయనే. తుంగతుర్తి డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి కూడా తెరమీద పేరు తెచ్చుకున్నారు. సినీ కార్మికుల ఇండ్ల కోసం భూమి ఇచ్చిన మనిషి ఆయన. మా మనుషులు తెరమీదికి పోయారు కానీ మా మాట పోలేదు. కత్తి పట్టిన కాంతారావు నోట నల్లగొండ పలుకు వినబడలేదు. ఆ పలుకును తెర తర్వాత రౌడీకి, నౌకరుకు, జోకరుకు అప్పజెప్పింది.

1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రాయి పడ్డది మా జిల్లా నేలమీద. పాలమూరు కూలీలు మట్టి మోసిండ్రు. మరి నీళ్లెవరికి? ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డయ్, కాదనం. కాలువ నీళ్లు పల్లానికి పారతయ్, మెరకకు ఎక్కవు. దేవరకొండ, మునుగోడు మెరక. ఎత్తిపోయాలంటే డబ్బు కావాలి, అంతకన్నా ముందు మనసు కావాలి. ఆ రెండూ దశాబ్దాల పాటు రాలేదు. ఆనకట్ట ఒడ్డున కూచొని బోరు నీళ్లు తాగిన జనం ఈ దేశంలో ఇంకెక్కడన్నా ఉన్నరా?

బోరు ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడ్. పండ్లు గారపట్టినయ్, కాళ్లు వంకర పోయినయ్, ముప్పైకే నడుములు వంగినయ్. పటిక, సున్నం వేసి నీళ్లల్లో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ఆ పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు 'నల్గొండ టెక్నిక్'. ఆఫ్రికాలో ఇంజినీర్లకు మా జిల్లా పేరు తెలుసు. మర్రిగూడ తల్లికి మాత్రం మంచినీళ్లు తెలియవు. దశాబ్దాల పాటు ఇదే మా అంతర్జాతీయ ఖ్యాతి.

1969. ఆ జూలైలో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టాడు. ఏ పట్టీ చూసినా అదే పెద్ద బొమ్మ. ఆ యేడే తెలంగాణ విద్యార్థులు బడులు వదిలి జైళ్లు నింపారు. 369 మంది తూటాలకు బలైనారని ఉద్యమం లెక్క. 1971లో తెలంగాణ ప్రజాసమితి పధ్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది గెలిచింది. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఉన్నయ్. గెలిచినవాళ్లు గంప గుత్తగా కాంగ్రెస్‌లో కలిసిపోయారు. 1973లో ఆరు సూత్రాలు వచ్చి ముల్కీని మింగినయ్. జనం ఓటేసి గెలిపిస్తే నాయకుడు అమ్ముకునే విద్య ఆనాడే అచ్చయింది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో పల్లెలకు టీవీ పాఠాలు చూపించే ప్రయోగం నడిచింది. ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో మనదొకటి, జిల్లాల్లో పాలమూరు ఒకటి. ఆకాశం నుంచి బొమ్మ దిగింది. పక్కనే పారే కృష్ణ నుంచి నీళ్లు మాత్రం చేనుకు ఎక్కలేదు. బొమ్మ చూసిన జనం మూటముల్లె కట్టుకొని బొంబాయి బస్సెక్కారు. వెనకబడ్డ జిల్లాకు ప్రయోగాలొస్తయ్, ప్రాజెక్టులు రావు.

1979లో 'మాభూమి' వచ్చింది. గౌతమ్ ఘోష్ తీశారు, బి. నర్సింగరావు వెనక నిలబడ్డారు. సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట గద్దర్ గొంతుతో సహా తెరకెక్కినయ్. దొర గడీని, వెట్టిని, మా పల్లె నోటిమాటను జనం మొదటిసారి తెరమీద చూసుకున్నారు. హనుమంతు 1982లో పోయారు. ఆయన కొడుకు అశోక్‌తేజకు 'ఠాగూర్' పాటకు జాతీయ అవార్డు వచ్చింది. దళంలో పుట్టిన పాటకు కొడుకు తరంలో పతకం దొరికింది.

1985 డిసెంబర్ 30న 610 జీవో. స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపుతమన్నారు. పంపితే ఈ సంపాదకీయంలో దాని పేరుండేది కాదు. 1989లో కల్వకుర్తిలో ఎన్టీ రామారావును చిత్తరంజన్‌దాస్ ఓడించారు. రాముడూ కృష్ణుడూ అయిన మనిషిని ఓడించిన కరువుసీమ అది. వెండితెర వెలుగు చూసి మా జనం కళ్లు మూసుకుంటరు అనుకునేవాళ్లు ఆ ఫలితం ఒకసారి చూడాలి.

ఇక 1996. అంతకుముందు ఓ మాట. 1980ల చివర నుంచి పెద్ద పత్రికలకు జిల్లా టాబ్లాయిడ్లు వచ్చినయ్. మా వార్తలు పెరిగినయ్, నిజమే. కానీ నల్లగొండ గోస నల్లగొండ పేజీలోనే కూచున్నది. వంకరకాళ్ల బొమ్మను విజయవాడ పాఠకుడు చూడలేదు, ఢిల్లీ అసలే చూడలేదు. ఆ కంచె దాటడానికి జలసాధన సమితి ఒక ఉపాయం పన్నింది. దుశ్చర్ల సత్యనారాయణ ముందుండి నడిపించారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడ్డది. దేశమంతా నల్లగొండ ఎక్కడుందని వెతికింది. చివరికి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఢిల్లీ ఏం చేసింది? ఫ్లోరైడ్ తగ్గించలేదు, అభ్యర్థుల డిపాజిట్‌ను 500 నుంచి 10 వేల రూపాయలకు పెంచింది. నీళ్లడిగితే నామినేషన్ ధర పెంచిన సర్కారు చరిత్రలో ఇదొక్కటే అయి ఉంటది.

1997లో మార్చిలో భువనగిరి సభ, ఆగస్టులో సూర్యాపేట సభ. మలిదశకు విత్తనం పడ్డది మా జిల్లాలోనే. 1999 మేలో పాటకత్తె బెల్లి లలితను ముక్కలు చేసి చంపారు. పాటకు భయపడేవాళ్లుంటరని ఆమె చావు చెప్పింది. 2002లో 'కుబుసం' సినిమాలో పాలమూరు గోరటి వెంకన్న పాట వచ్చినప్పుడు రెండు ప్రాంతాల వాళ్లూ కండ్లు తుడుచుకున్నారు. పల్లె దుఃఖానికి సరిహద్దు లేదని ఆ పాట చెప్పింది. మా కొట్లాట పాలకుల తోనే, పక్క ప్రాంతం కూలోనితో కాదని అప్పుడూ చెప్పినం, ఇప్పుడూ చెబుతున్నం.

2009 డిసెంబర్ 3న పొడిచేడు బిడ్డ శ్రీకాంతాచారి కన్నుమూశాడు. 9న ప్రకటన, 23న వెనకడుగు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్, ఆ సెప్టెంబర్ నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. 2014 జూన్ 2న రాష్ట్రం. పోయిన పిల్లల తల్లులకు ఆ తేదీ పండుగా కాదు, పగా కాదు. అది వాళ్ల బిడ్డ ధర. ఆ మాట మరిచిపోయి టపాసులు కాల్చే హక్కు ఎవరికీ లేదు.

రాష్ట్రం వచ్చింది కదా, పట్టీ ముగిసిందా? చాలామంది పుస్తకాలు అక్కడనే ఆగిపోతున్నయ్. సర్కారు కొలువుల పరీక్షలో తెలంగాణ ఉద్యమం ఇప్పుడు ఒక పేపర్. 1948 నుంచి 1970 ఒక భాగం, 1990 దాకా ఇంకోటి, 2014 దాకా మరోటి. కొమురయ్య నాలుగు జవాబుల్లో ఒకటి అయిండు. చదవడం మంచిదే. కానీ కోచింగ్ సెంటర్ నోట్సులో 2014 తర్వాత ఖాళీ. పోరాటం గెలుపుతో ఆగిపోయినట్టు రాస్తే లాభం గద్దెమీద కూచున్నవాళ్లకే, అది ఏ జెండా గద్దె అయినా సరే.

ఆ ఖాళీలో రాయాల్సినవి ఉన్నయ్. 2015లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు పునాది, 2023లో ఒక్క పంపు తిప్పి ప్రారంభం. అప్పటికి చేలకు పారే కాలువల పని పూర్తి కాలేదు. 2016లో నల్లగొండ మూడు ముక్కలైంది. పాలమూరు అదే యేడు నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. నల్లా నీళ్లు ఊరూరికీ వచ్చినయ్, ఫ్లోరైడ్ ఊర్లు లేవని 2020లో కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. మంచిని మంచి అనాలి, అంటున్నం. కానీ వంగిన ఎముక కాగితం చూసి నిటారు కాదు. 2023లో 'బలగం' మా యాసలో వచ్చి ఊరూరా తెరకట్టి చూసేలా చేసింది. ఒకప్పుడు వెక్కిరింతకు వాడిన మాట ఇప్పుడు టికెట్లు అమ్ముతున్నది. 2024లో అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమయింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లు వేరే రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినోళ్లు. నల్లగొండకు నీళ్లు తెచ్చే దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం కోసం ఒక తరం ఎదురుచూసింది. ఒకనాడు పాలమూరు కూలి ఎక్కడో ఆనకట్ట కింద పోయినట్టే, వాళ్లు మా నీళ్ల కోసం మా నేలకింద పోయారు. వాళ్ల పేర్లు మా పట్టీలో ఉండాలి.

మా పల్లె పెద్దలు యేడాదిని అంకెతో చెప్పరు. రజాకార్ల జమానా అంటరు. పోలీసు చర్య నాడు అంటరు. పటేల్ పట్వారీలు పోయిన యేడు అంటరు. బాయి ఎండిన కరువు అంటరు. అదే అసలు క్యాలెండర్. అది ఏ గ్రంథాలయంలో లేదు, వాళ్ల నోట్లోనే ఉన్నది. లెక్క వేయండి. 1946లో పదేండ్ల పిల్లగాడు ఇప్పుడు తొంభై దగ్గర. 1969లో ఇరవై యేండ్ల విద్యార్థి డెబ్బై దాటిండు. ఏడాదికో వాడకట్టు ఖాళీ అవుతున్నది. ఒక్కో పెద్దమనిషి పోతుంటే కొన్ని యేండ్లు మట్టిలో కలుస్తున్నయ్.

అందుకే పాఠకులకు మా విన్నపం ఒకటే. ఊరికో నోట్‌బుక్ పెట్టండి. మొదటి బస్సు ఏ యేడు వచ్చింది, మొదటి బోరు ఎన్ని ఫీట్లకు పడ్డది, టూరింగ్ టాకీసులో తొలి సినిమా ఏది, పంచాయతీ రేడియో ముందు ఎవరెవరు కూచున్నరు, బొంబాయికి మొదట పోయిందెవరు, తిరిగి రానిదెవరు, జైలుకు పోయిందెవరు, వాళ్లింటి ఆడవాళ్లు ఎట్ల బతికిండ్రు. అడిగి రాయండి. దొర ఇంటి ముచ్చట కాదు, చాకలి ఇంటి, మాదిగ వాడ, లంబాడ తండా, దూదేకుల ఇంటి ముచ్చట రాయండి. రాసింది ఊరి బడిలో ఒకటి, గ్రంథాలయంలో ఒకటి పెట్టండి. తేదీ తెలియకుంటే కరువు పేరు రాయండి, అది చాలు.

ప్రపంచం పట్టీలో మాకు చోటియ్యమని మేము అడుక్కోం. మా పట్టీ మేమే రాస్తం. రాష్ట్రం కోసం కొట్లాడినోళ్లకు ఒక నోట్‌బుక్ నింపడం బరువు కాదు. ఈ పని మనం చేయకుంటే రేపటి పిల్లలు అరియలూరు చదువుతరు, పాలమూరు వాగును మరిచిపోతరు. చంద్రుడి మీది అడుగు చదువుతరు, కడవెండి నేలమీది నెత్తురు మరిచిపోతరు. నెత్తురు మరిచిన జాతికి నీళ్లు కూడా దక్కవు.